నిప్పు కోసం కాదే చెల్లీ, నేల కోసం వెళ్ళు

మొన్న ఆదివారం అన్నాలు తిని నడుం వాల్చానో లేదో, ఇంకొల్లు నుంచి మా చెల్లి ఫోను. "అక్కా, అబ్బాయి టిక్కెట్లు తీసేస్తున్నాడు. అమెరికా వచ్చాక హవాయి తీసుకెళ్ళి అగ్నిపర్వతం చూపిస్తానంటున్నాడు. నాకేమో మోకాళ్ళు, మీ మరిదికేమో ఆయాసం. వద్దంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు. సరేనందామంటే నాకు గుండెల్లో దడ. నువ్వు చూసొచ్చావు గదా, ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

ఆ పూట దానితో గంటన్నర మాట్లాడాను. ఫోను పెట్టేశాక అనిపించింది, ఈ మాటలు అది ఒక్కతే వినాల్సినవి కావని. మన గుంటూరు, ప్రకాశం వైపు ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా ఒక అమ్మో నాన్నో అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళే. పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో వెళతాం. పిల్లలు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్ళి, నిలబడమన్న చోట నిలబడి ఫొటో దిగి వచ్చేస్తాం. నేనూ మొదట అట్లాగే వెళ్ళాను. ఆ మొదటి రోజు నాకు నేర్పిన పాఠం ముందు చెబుతాను, వినండి.

2025 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని హవాయి తీసుకెళ్ళారు. నాలుగు రోజుల సెలవు. ఎంతో ప్రేమగా, రాత్రిళ్ళు కూర్చుని ప్లాను వేసుకున్నారు. అది నాకు ముందే చూపించారు కూడా. "మీకు తెలుసుగా, మీ ఇష్టం" అన్నాను. అదే నేను చేసిన పొరపాటు. దిగింది కోనా వైపు, సముద్రం ఒడ్డున. అక్కడి నుంచి అగ్నిపర్వతాల పార్కు సుమారు 150 కిలోమీటర్లు, రెండు గంటలు దాటిన ప్రయాణం. హవాయి అంటే వెచ్చగా ఉంటుందని నేను నూలు చీర కట్టుకుని, పల్చటి చెప్పులేసుకుని బయల్దేరాను. చేరేసరికి సాయంత్రం నాలుగు. సన్నగా వాన, దట్టంగా మంచు, ఒళ్ళు వణికించే చలి. గట్టు మీద నిలబడితే ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. మా ఆయన దగ్గుతూనే ఉన్నారు. పావుగంటకే కారెక్కి తిరుగుముఖం పట్టాం. దారంతా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆ రాత్రి అది నా పక్కన కూర్చుని మ్యాపు తెరిచింది. "అమ్మా, రేపటి సంగతి నువ్వు చెప్పు" అంది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒక కాగితం మీద తలలు దగ్గర పెట్టుకుని కూర్చోవడం అదే మొదలు. జలపాతం తీసేశాం, పడవ తీసేశాం, షాపింగు తీసేశాం. పార్కు పక్కనే ఉన్న వాల్కనో అనే చిన్న ఊళ్ళో రెండు రాత్రులకి వంటిల్లున్న ఇల్లు తీసుకున్నాం. మిగిలిన ప్రయాణమంతా ఆ కాగితం వల్లే నిలబడింది. అందుకే చెబుతున్నా, డబ్బు పిల్లలది కావచ్చు, సెలవు వాళ్ళది కావచ్చు, కాళ్ళూ ఊపిరీ మాత్రం మనవి. వాటి సంగతి ముందుగా మనమే నోరు తెరిచి చెప్పాలి. చెబితే పిల్లలు నొచ్చుకోరు, ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు ఒక్కొక్కటే చెబుతాను.

హవాయి అంటే ఒక్క ఊరు కాదు, ఎనిమిది పెద్ద ద్వీపాలు. చాలామంది ముందు దిగే హోనొలులు ఉన్నది ఒవాహు ద్వీపంలో. అగ్నిపర్వతాల జాతీయ పార్కు ఉన్నది అన్నిటికన్నా పెద్దదైన హవాయి ద్వీపంలో. హోనొలులు నుంచి మళ్ళీ ముప్పావుగంట విమానం ఎక్కాలి. దిగేటప్పుడు హిలో ఊళ్ళో దిగితే పార్కు 48 కిలోమీటర్లే. టిక్కెట్టు తీసే ముందు అబ్బాయిని ఈ ఒక్క మాట అడగండి: "హిలోలో దిగుతున్నామా, కోనాలోనా?" సగం అలసట ఆ ప్రశ్నతోనే తీరిపోతుంది.

పార్కు 1916లో ఏర్పడింది. 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అందులో రెండు పెద్ద అగ్నిపర్వతాలు. ఒకటి మౌనా లోవా, 13,000 అడుగులు దాటిన కొండ. 2022 నవంబరులో పొంగింది. రెండోది కిలౌయా, 4,000 అడుగుల ఎత్తు. మనం చూసేది దీన్నే. కొండ అనగానే మన కోటప్పకొండలా మెట్లెక్కాలేమోనని భయపడకండి. కారు నేరుగా పైదాకా వెళుతుంది. పైన నిలబడి కిందికి చూస్తాం. కొండ నడినెత్తిన ఊరంత పల్లం, ఆ పల్లంలో హాలేమౌమౌ అనే అగ్నిగుండం.

ఆ ఎత్తున పగలు కూడా చల్లగానే ఉంటుంది. పొద్దుగూకితే శాలువా చాలదు, వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. స్వెట్టరు, దాని మీద వానకోటు, చెవులకి మఫ్లరు పెట్టుకోండి. గట్టు మీద నిలబడడానికి చీర బాగానే ఉంటుంది గానీ, రాళ్ళ మీద నడిచే రోజు పంజాబీ డ్రెస్సో ప్యాంటో వేసుకోండి. ముందు వేళ్ళు మూసే బూట్లు తప్పనిసరి. అక్కడి లావా రాయి కొన్నిచోట్ల గాజుపెంకులా కోస్తుంది. చెయ్యి ఆనించి పడితే అరచెయ్యి చీరుకుపోతుంది. తలా ఒక టార్చిలైటు ఉండాలి, ఎందుకంటే మంచి దృశ్యం చీకటి పడ్డాకే.

ఇక ఊపిరి సంగతి. మా చెల్లి భయం దీని గురించే. కిలౌయా నుంచి గంధకం వాయువులు వస్తాయి. ఆ వాయువు, ఎండ, తేమ కలిసి కమ్మే పొగమంచుని అక్కడివాళ్ళు 'వాగ్' అంటారు. గంధకపు గట్లని ఒక చోటుంది, నేల కన్నాల్లోంచి ఆవిరొచ్చి రాళ్ళ మీద పసుపుపచ్చటి పొడి పేరుకుని ఉంటుంది. కారు దిగగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. మిరపకి బూడిద తెగులు వస్తే గంధకం మందు కొట్టి ఇంటికొచ్చినప్పుడు ఆయన చొక్కాకి ఉండే వాసనే. దానికి కుళ్ళిన కోడిగుడ్డు కంపు తోడైంది. ఆయాసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్న అమ్మాయిలు, చంటిపిల్లలు అక్కడికి పోకూడదని బోర్డే పెట్టారు. మా ఆయన కారులోనే కూర్చున్నారు, అద్దాలు ఎత్తుకుని.

కాబట్టి ఆయాసం ఉన్నవాళ్ళు వెళ్ళకూడదా అంటే, డాక్టర్ని అడగకుండా మాత్రం వెళ్ళకూడదు. ఇన్‌హేలరు పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. మూతికి గుడ్డ కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గానీ వాయువు ఆగదు. గాలి ఎటు వీస్తోందో, ఇవాళ గాలి ఎట్లా ఉందో పార్కు సందర్శకుల కేంద్రంలో రేంజర్లు చెబుతారు. పొద్దున్నే అక్కడికి వెళ్ళి అడిగి, ఆ రోజు ఎటు పోవాలో తేల్చుకోండి. గాలి బాగాలేదంటే పట్టుబట్టకండి. కొండ రేపూ ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. "లావా కనిపిస్తుందా అక్కా?"

మాట ఇవ్వలేనమ్మా. ఎవరూ ఇవ్వలేరు. 1983 నుంచి 2018 దాకా ముప్పయ్యైదేళ్ళు ఆ కొండ ఒక పక్క నుంచి దాదాపు ఆగకుండా పారింది. 2018లో ఆ ధార తూర్పున ఊళ్ళ మధ్య పగిలి 700లకు పైగా ఇళ్ళని మింగింది. అదే సమయంలో పైన గుండం అడుగు వందల మీటర్లు కుంగిపోయింది. ఆ తర్వాత ఆ గోతిలో నీళ్ళూరి చెరువైంది. 2020 డిసెంబరులో లావా పైకొచ్చి ఆ చెరువుని మొత్తం ఆవిరి చేసేసింది. 2024 డిసెంబరు 23న కొత్తగా మొదలై, విడతలు విడతలుగా ఎగజిమ్మింది. కొన్ని గంటలు మంటల ఫౌంటెను, తర్వాత రోజుల తరబడి మౌనం. 1912లో అక్కడ పరిశోధనశాల పెట్టుకుని అప్పటినుంచీ కొండ నాడి చూస్తున్న శాస్త్రజ్ఞులే ఫలానా రోజు ఫలానా గంటకని చెప్పరు.

రోజూ వాళ్ళిచ్చే నివేదిక, గుండం చుట్టూ పెట్టిన కెమెరాలు ఇంటర్నెట్టులో ఎవరైనా చూడొచ్చు. మనకీ వాళ్ళకీ పదిహేనున్నర గంటల తేడా. మన పొద్దున పదిన్నరకి అక్కడ ముందురోజు సాయంత్రం ఏడు. వంట అయ్యాక ఫోను తెరిచి ఇప్పటినుంచే చూడమన్నాను మా చెల్లిని. నెల రోజులు చూస్తే ఆ కొండ మన ఎదురింటామెలా అలవాటైపోతుంది. తీరా వెళ్ళినప్పుడు మౌనంగా ఉన్నా, అలిగిందని అనిపించదు.

మేం వెళ్ళింది ఒక విడత ఆగిపోయిన మర్నాడు. ఫౌంటెను చూడలేదు. పార్కు ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఉవేకహునా అనే గట్టుకి వెళ్ళాం. జనం లేరు, మంచు విడిచింది. కింద గుండం అడుగంతా నల్లగా, గడ్డకట్టి, పలకలు పలకలుగా పగిలి ఉంది. ఆ పగుళ్ళలో ఎర్రటి వెలుగు. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మాటల్లేవు. ఏప్రిల్‌లో మా చేను ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది, ఆ నెర్రెలు. మిరప కోతలైపోయి, నీటిచుక్క లేక నల్లరేగడి నోళ్ళు తెరిచినప్పుడు చూశారుగా, అచ్చం ఆ గీతలే. లోపల నిప్పు ఉండడమొక్కటే తేడా.

పగలు ఆవిరి కన్నాల దగ్గరికి వెళ్ళాం. వాననీళ్ళు నేలలోకి దిగి, కింద వేడిరాళ్ళకి తగిలి ఆవిరై పైకొస్తాయి. లోపల వేడి ఎంతంటే ఆ మేర చెట్ల వేళ్ళు దిగలేవు, గడ్డి ఒక్కటే మొలుస్తుంది. కటకటాల మీంచి చెయ్యి చాపితే వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు. ఇంత పెద్ద భూమికి కడుపులో ఇంత వెచ్చదనం ఉందని అరచేతికి తెలిసింది.

మోకాళ్ళ సంగతి అడిగావుగా చెల్లీ, విను. డివాస్టేషన్ దారి చదునైనది, రోడ్డులాగే ఉంటుంది, పోను అరమైలు. 1959లో కిలౌయా ఈకి అనే పక్క గుండం 580 మీటర్ల ఎత్తుకి నిప్పు చిమ్మింది. ఆ బూడిదా రవ్వా కప్పేసిన అడవి ఇది. ఇప్పుడు దాని మీద మళ్ళీ ఓహియా చెట్లు, ఎర్రటి కుచ్చుపూలతో. నాహుకు అనేది లావా పారిపోయి మిగిలిన సొరంగం. సుమారు అయిదు వందల ఏళ్ళనాటిది. మెట్లున్నాయి, నేల తడిగా ఉంటుంది, చెయ్యి పట్టుకుని నడిస్తే చాలు. కిలౌయా ఈకి లోపలికి దిగి ఎక్కే దారి మాత్రం పిల్లలకి వదిలెయ్యి. రెండు మూడు గంటలు, 400 అడుగుల దిగుడు. వాళ్ళు వెళ్ళొచ్చేలోగా మీరిద్దరూ గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగండి. నేనే (నెనె) అనే బాతులు కనిపిస్తాయేమో చూడండి. అవి ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా ఉండవు. పులిహోర మెతుకులు మాత్రం వెయ్యకు. తిండి అలవాటైతే అవి రోడ్డెక్కి కార్ల కింద పడతాయి.

తిండి మాటొచ్చింది కాబట్టి, పార్కులో తిండి దొరికే చోట్లు చాలా తక్కువ. బియ్యం హిలోలో బస్తాలకొద్దీ దొరుకుతాయి. బుధ, శని వారాల్లో పెద్ద రైతుబజారు జరుగుతుంది. చేమదుంప అక్కడివాళ్ళ ప్రాణం, మనకి అన్నంలాగ. కందిపొడి, కారప్పొడి మనం పట్టుకెళ్ళొచ్చు. అక్కడినుంచి అమెరికా పెద్దగడ్డకి తిరిగొచ్చేటప్పుడు మాత్రం విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు. మట్టి, చాలా రకాల మొక్కలు, తాజా పండ్లు రానివ్వరు. పార్కులోంచి సముద్రానికి దిగే చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు ఒక వైపే 30 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు లేదు, నీళ్ళు లేవు. రెండూ ముందే నింపుకోవాలి.

ఆ రోడ్డు మీదే నాకు జీవితాంతం గుర్తుండే చోటు ఉంది. పువూలోవా అంటారు. సుమారు కిలోమీటరు లావా రాళ్ళ మీద నడవాలి. నాకు నలభై నిమిషాలు పట్టింది. అక్కడ రాతి మీద 23,000లకు పైగా బొమ్మలు, గుంటలు చెక్కి ఉన్నాయి. హవాయి తల్లిదండ్రులు బిడ్డ పుట్టాక ఊడిన బొడ్డుముక్కని తెచ్చి, రాతిలో చిన్న గుంట తొలిచి అందులో పెట్టి, బిడ్డ నిండు నూరేళ్ళు బతకాలని కోరుకునేవారట. మనం ఏం చేస్తాం? బొడ్డుముక్కని తాయెత్తులో పెట్టి మొలతాడుకి కడతాం. మా అమ్మాయి తాయెత్తు ఇప్పటికీ నా బీరువాలో వెండిగిన్నెలో ఉంది. ఆ సంగతి దానికి ఎన్నడూ చెప్పలేదు. అక్కడ, ఆ గుంటల ముందు నిలబడి చెప్పాను. అది నా భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు అట్లాగే ఉంది. మొదటి రోజు ప్లానులో ఈ చోటు లేదు చెల్లీ. నిప్పు వెంట పరిగెత్తితే ఇది దాటిపోయేవాళ్ళం.

ఆ కొండ అక్కడివాళ్ళకి పార్కు కాదు, తల్లి. పేరు పెలె. మొదటిసారి విన్నప్పుడు మన పోలేరమ్మే మనసులో మెదిలింది. పెలెకి సముద్రాన్ని ఏలే అక్కతో వైరం. గుడ్డు రూపంలో ఉన్న చిన్న చెల్లెలు హీయాకని జాగ్రత్తగా దాచుకుని పడవెక్కి వచ్చిందట. ఒక్కో ద్వీపంలో నిప్పు కోసం తవ్వడం, అక్క నీళ్ళు పోసి ఆర్పడం. చివరికి ఈ పెద్ద ద్వీపంలో, హాలేమౌమౌలో నిలదొక్కుకుంది. ఆమె నడిచిన వరసలోనే ఆ దీవుల వయసులు తగ్గుకుంటూ వస్తాయి. భూమి లోపల ఒకే చోట వేడి ఊట ఉందనీ, పైన సముద్రపు పలక కదులుతుంటే ఒకదాని తర్వాత ఒకటి దీవులు లేచాయనీ శాస్త్రం చెబుతుంది. కథ కట్టినవాళ్ళు నేలని ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో!

అందుకే అక్కడ అమ్మవారి ముందు ఉన్నట్టే ఉండాలి. నాకు కొబ్బరికాయ కొట్టాలనిపించింది. కానీ అక్కడ ఏదీ వదలొద్దన్నారు, నమస్కారం ఒక్కటి పెట్టాను. రాయి తేకూడదు. చట్టమూ ఒప్పుకోదు, అక్కడివాళ్ళ మనసూ ఒప్పుకోదు. తీసుకెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత క్షమించమని పోస్టులో తిప్పి పంపుతుంటారట.

ఇంతకీ మనం రాయి తెచ్చుకోనక్కర్లేదు చెల్లెళ్ళూ. మన దగ్గర ఉంది. మన దేశం కూడా ఒకప్పుడు అట్లాంటి వేడి ఊట మీదుగానే ఉత్తరానికి జరిగింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో చాలా భాగం మీద లావా పొరలు పొరలుగా పారింది. మన కృష్ణమ్మ పుట్టే మహాబలేశ్వరం ఆ లావా గడ్డకట్టిన కొండే. ఆ రాయి చివికితే నల్లమట్టి. దాన్ని మోసుకొచ్చి కృష్ణ మన డెల్టాలో పరిచింది. మన నల్లరేగడి అంతా అదేనని అనను, ఇక్కడి రాళ్ళు చివికి అయినదీ ఉంది. రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి మాత్రం ఆ లావాయే. వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిందంటారు. ఆ ఊటే తర్వాత సముద్రంలో మారిషస్‌ని లేపింది. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకుతోటల పనికి వెళ్ళిన మన తెలుగువాళ్ళు స్థిరపడిన దీవి అదే. ఊరు వదిలివెళ్ళినా నేల చుట్టరికం వదల్లేదు.

ఈ సంగతులన్నీ చెప్పి ఫోను పెట్టే ముందు మా చెల్లికి మూడు పనులు అప్పజెప్పాను. డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళడం. రోజూ చెరువుకట్ట మీద రెండు కిలోమీటర్లు నడవడం. అబ్బాయితో కూర్చుని వాడి ప్లాను కాగితం తనూ చూడడం.

ఇవాళ పొద్దున్నే మళ్ళీ ఫోను చేసింది. "అక్కా, వాడితో మాట్లాడాను. ఎనిమిది చోట్లు రాసుకున్నాడు, మూడు ఉంచాం. 'ముందే చెబితే బాగుండేది గదమ్మా' అన్నాడు. నడక మొదలెట్టాం, మీ మరిది నాకన్నా ముందు లేస్తున్నారు." కాసేపాగి, చిన్నప్పటి గొంతుతో అంది: "నిన్న చేలోకి వెళ్ళినప్పుడు ఒక నెర్రె పక్కన కూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశానక్కా. పైన కాళ్ళు కాలిపోతున్నాయి. లోపల ఎంత చల్లగా ఉందో!"